పొగకు విరుగుడు

ఆ ఉదయం కోడలు పాలు కాచలేదు.

బాత్రూంలో భర్త దగ్గుతున్నాడు. ఆ దగ్గుకు ఇల్లంతా ఎప్పుడో అలవాటు పడిపోయింది. ఆమె మాత్రం పడలేదు. వాష్‌బేసిన్‌లో నల్లటి కఫం చూసిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో మామగారి వెల్డింగ్ వర్క్‌షాపు ఉంది. వెల్డింగ్ పొగకు పాలే విరుగుడని ఆయన నమ్మకం. తండ్రీకొడుకులు పొద్దున్నే చెరో గ్లాసు తాగి, షెడ్డులోకి వెళ్లి తలుపులు మూసుకుంటారు.

“అమ్మాయ్, పాలేవి?” అన్నారు మామగారు టేబుల్ దగ్గర కూర్చుంటూ.

“కాచలేదు. ఇకమీదట కాచను కూడా.”

“అదేం మాటమ్మా? పొగని కడిగేసేది పాలే కదా.”

“పాలు పోయేది పొట్టలోకి మామయ్యా. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. రెండూ ఎక్కడ కలుస్తాయి?”

భర్త మూతి తుడుచుకుంటూ వచ్చాడు. “పొద్దున్నే మొదలెట్టావా?”

“మీరు మాట్లాడకండి. మాట్లాడకుండా ఉండే ఇంతదాకా తెచ్చుకున్నారు.”

ఆమె విసవిసా షెడ్డుకి నడిచింది. ఇద్దరూ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పోరి పోరి ఆమె కొనిపించిన పొగ పీల్చే గొట్టం పైన దూలానికి తీగతో కట్టేసి ఉంది. అది చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

“దీన్ని అటకెక్కించడానికా కొన్నది?”

“గాలి తగిలితే అతుకులో బెజ్జాలు పడతాయమ్మా,” మామగారు నచ్చజెప్పబోయారు. “తలుపులు మూసేది కూడా అందుకే. నా అతుకులో ఒక్క బెజ్జం చూపించమను ఎవరినైనా.”

“మీ అబ్బాయి ఊపిరితిత్తుల్లో పడితే ఫరవాలేదా?”

ఆయన ముఖం మాడిపోయింది. ఆమె ఆగలేదు.

“ఇది గాలి విసరదు, పొగని లాగుతుంది. అతుకు పక్కనే జానెడు దూరంలో పెట్టమని బిగించినతను మరీ మరీ చెప్పాడు. నెత్తిమీద కడితే పొగంతా ఈయన ముక్కు దాటాకే కదా పైకెళ్లేది? పాలు పొంగుతుంటే ముందు మంట తగ్గిస్తాం మామయ్యా, నేల తుడుస్తూ కూర్చోం. ఇది కిందికి దిగేదాకా ఈయన ఈ గుమ్మం దాటడు.”

“నాన్నతో అలాగేనా మాట్లాడేది?” భర్త గొంతు పెంచబోయాడు. దగ్గు అడ్డొచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు.

మామగారు కటింగ్ ప్లయర్ తీసుకుని నిచ్చెన ఎక్కారు. రెండో మెట్టు మీదే ఆయాసంతో ఆగిపోయారు. ఆ ఊపిరిలో పిల్లికూతలు ఆమెకు స్పష్టంగా వినిపించాయి. ఇన్నేళ్లూ భర్త దగ్గు వింటూ ఈయన ఆయాసాన్ని పట్టించుకోనేలేదు. గబగబా వెళ్లి నిచ్చెన పట్టుకుంది.

“మీ అత్తయ్య కూడా బతికున్నన్నాళ్లూ రోజూ పాలు కాచేదమ్మా,” అన్నారాయన తీగ తెంపుతూ. “కాచనని ఒక్కనాడూ నా మీద కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.”

ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. కోపం కూడా తగ్గలేదు.

“దిగండి మామయ్యా. రేపు మీ ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. రానంటే ఊరుకోను.”

“వస్తానమ్మా,” అంటూ ఆయన గొట్టాన్ని కొడుకు చేతికి అందించారు.