ఎముక పట్టేదాకా

"దొంగ! పట్టుకోండి!"

ఆమె గొంతు చీరుకుపోతోంది. కాళ్ళు ఆగడం లేదు.

ముందు మెట్ల మీద ఎవడో... మాస్కు, ఆకుపచ్చ గౌను. చేతిలో వెండి రంగు ప్యాకెట్.

అది ఆమె కొడుక్కి పెట్టాల్సింది!

లారీ గుద్దిన కాలు. తొడ ఎముకలో బెత్తెడు ఖాళీ. ఆ ఖాళీలో పెట్టే ముక్క అది. కొత్త ఎముక పెరిగేదాకా ఊతంగా నిలబడి, తర్వాత ఒంట్లోనే కరిగిపోతుంది. పిల్లాడికి ఇప్పటికే మత్తిచ్చేశారు.

ఆపరేషన్ థియేటర్ స్టోర్ చూసేది ఆమే. కొన్నాళ్ళుగా ఈ ప్యాకెట్లే మాయమవుతున్నాయి. అందుకే కింద తుపాకీతో గార్డును పెట్టారు.

మేడ మీద తలుపు ధన్‌మంది. వాన!

నీళ్ళ ట్యాంకు దగ్గర దారి అయిపోయింది. వాడు తిరిగాడు. మాస్కు జారింది.

మరిది!

ఆమె కాపురానికి వచ్చేనాటికి పలక పట్టుకుని తిరిగే పిల్లాడు. ఆమె చేతుల మీద పెరిగాడు. ఇప్పుడు ఈ ముక్కలు తయారుచేసే కంపెనీలో ప్యాకింగ్ గది వాడిదే.

"మీ అన్న కొడుకు కాలురా అది! నీకు చేతులెలా వచ్చాయిరా?"

"అరవకు వదినా... ఇది పాడైన సరుకు."

"ఏమిటీ?"

"గ్యాస్‌తో శుద్ధి చెయ్యాలి. మిషన్ మొరాయించింది. ఆవిరిలో పెట్టేశా. పైకి ఏమీ తెలీదు... కానీ ఆ వేడికి పాడై, ఎముక రాకముందే లోపల పిండైపోతాయి. ఒకాయన కాలు మళ్ళీ విరిగాక తెలిసింది!"

"డాక్టరుకి చెప్పి చావొచ్చుగా!"

"నోరు రాలేదు. ఒక్కొక్కటే పట్టుకుపోయా. ఇదే ఆఖరిది. తీసేసి మంచిది పెడదామనుకున్నా. ఇంతలో నువ్వు దొంగా అన్నావు... కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి."

ఆమె అరచేత్తో వాడి మొహం తుడిచింది. వాన ఏదో, ఏడుపు ఏదో!

"వెర్రి వెధవా... పెంచినదాన్ని. నాకైనా చెప్పొద్దూ?"

"తిడతావని."

"తిడతాను. చెవి మెలేస్తాను. ముందు వాడి సంగతి చూడు. మంచిదేదీ?"

"తెచ్చా. తడవకుండా చొక్కాలో పెట్టుకున్నా."

వాడి చెయ్యి గౌను లోపలికి పోయింది.

వెనక టార్చి వెలుగు!

"కదలకు!" గార్డు గొంతు.

"వద్దు! మావాడే..."

ఢాం!

వాడు మోకాళ్ళ మీద కూలాడు. ఆమె పట్టుకోబోయింది. వాడు చొక్కాలోని ప్యాకెట్ తీసి ఆమె చేతుల్లో కుక్కాడు.

"వెళ్ళు వదినా... తడవనీకు."

"నిన్నొదిలి ఎలా పోనురా!"

"వాడి మత్తు... దిగిపోతుంది."

గార్డు బిక్కచచ్చి నిలబడ్డాడు. ఆమె ప్యాకెట్‌ను గుండెకు అదుముకుని మెట్ల వైపు దూకింది. అది పొడిగా ఉంది. వెచ్చగా ఉంది.

"ఎవరైనా రండి! మా పిల్లాడు... మా పిల్లాడు!"

కింద నర్సు ఎదురొచ్చింది. "ఏ పిల్లాడమ్మా?"

ఆమె ప్యాకెట్‌ను నర్సు చేతిలో పెట్టి, మేడ వైపు వేలు చూపింది.