కాగితం మీద తల్లి పేరు

ఉదయం ఏడింటికే రెజీనా కీర్తనల పుస్తకాల పెట్టె పట్టుకుని నజీమా ఇంటికి వచ్చేసింది. ఆ పెట్టె ఏ గుమ్మం తొక్కితే ఆ ఇంట్లో జబ్బుందని ఆ యూదుల వీధిలో వేరే చెప్పక్కర్లేదు. ఆమె వెనకాలే ఎనిమిది మంది ఆడవాళ్లు. రేపు నజీమా కూతురు యిస్కాకు గుండె ఆపరేషన్. మధ్యాహ్నం ఆసుపత్రిలో చేరేలోగా నూట యాభై కీర్తనలూ పంచుకుని చదివేయాలని వాళ్ల పట్టుదల.

నజీమా అందరికీ టీ ఇచ్చింది. రెజీనా చిన్న చిన్న పుస్తకాలు పంచి, కాగితం తీసింది. రోగి పేరు, కన్నతల్లి పేరు చెప్పి మొదలుపెట్టడం వాళ్ల ఆచారం.

"యిస్కా, నజీమా కూతురు. అంతేగా?" అంటూ రాయబోయింది.

యిస్కాను కన్నది నజీమా కాదు, ఆమె చెల్లెలు హబీబా. కాన్పులోనే పోయింది. ఇరవై రెండేళ్ల కిందట పసిగుడ్డును ఎత్తుకుని బేర్షెబా నుంచి యెరూషలేముకు వచ్చేసిన నజీమా ఆ మాట ఎక్కడా పొక్కనివ్వలేదు. ఇప్పుడు అబద్ధం చెబితే ఇంతమంది ప్రార్థన బిడ్డకు చేరకుండా పోతుందేమో. నిజం చెబితే పక్కగదిలో బట్టలు సర్దుకుంటున్న పిల్ల వింటుంది. ఆ జబ్బు గుండె తట్టుకుంటుందా? తట్టుకున్నా తనను మళ్లీ అమ్మా అని పిలుస్తుందా?

"ఏంటే, సొంత పేరు కూడా మర్చిపోయావా?" అంది రెజీనా.

"నా పేరు రాయకక్కా. హబీబా అని రాయి. దాన్ని నేను కనలేదు."

తల తిప్పితే గుమ్మంలో యిస్కా నిలబడి ఉంది. నజీమా లేచి పిల్ల దగ్గరికి వెళ్లింది.

"దాచానమ్మా. నువ్వు నాకు కాకుండా పోతావని భయమేసింది."

"నాకు తెలుసమ్మా," అంది యిస్కా. "ఏటా నా పుట్టినరోజు నాడే, హబీబా పిన్ని పోయిన రోజని దీపం పెడతావు. ఆమె సమాధి రాయి మీద ఉన్న సంవత్సరం కూడా నేను పుట్టినదే. పన్నెండేళ్లప్పుడే అర్థమైంది."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు ఏమైపోతావోనని నాకూ భయమే."

రెజీనా ముక్కు తుడుచుకుంటూ కాగితం మీద హబీబా పేరు రాసింది. యిస్కా పెట్టెలోంచి మొదటి పుస్తకం తీసి నజీమా చేతిలో పెట్టింది.

"ఆవిడ పేరుతోనే చదవండి. కానీ మొదలుపెట్టాల్సింది మా అమ్మే."

నజీమా కళ్లలో నీళ్లకు అక్షరాలు అలుక్కుపోయాయి. భయం పోలేదు, రేపటి దాకా పోదు కూడా. అయినా కూతురి చెయ్యి పట్టుకుని, "యిస్కా, హబీబా కూతురు" అని పైకి చదివింది. ఆ రెండు పేర్లూ కలిసి ఆమె నోట రావడం అదే మొదటిసారి.