సొరంగంలో ఎదురుగాలి

భావనపాడు ఒడ్డున వల లాగినవాళ్లకి చేపలతోపాటు కామేష్ దొరికాడు. కొండల్లో తొలిచిన కొత్త సొరంగానికి అతను ఫైర్ సేఫ్టీ ఇంజనీరు. మెడ వెనక సూది గుర్తు. చనిపోయే ముందు అతను పంపిన వాయిస్ మెసేజ్‌లో ఒక్క మాటే ఉంది.

“ఫ్యాన్లు అబద్ధం చెబుతున్నాయి.”

విజయనగరం కోట దగ్గర వీణలు బాగుచేసే షాపులోకి ధర్మేంద్ర అడుగుపెట్టాడు.

“భీమాళి తాండ్ర ఉందా?”

“ఉంది. చీమలు పట్టాయి.”

కోడ్ సరిపోయింది. చీఫ్ చంద్రశేఖరం షట్టర్ దించాడు.

“కోబాల్ట్ అనే విదేశీ ముఠా. ఈ సొరంగం తెరుచుకుంటే కొండల అవతలి సరుకంతా మన రేవుకి వస్తుంది. వాళ్ల రేవు ఎండిపోతుంది. ఇవాళ ఊరి ఆడవాళ్లు ఘటాలెత్తుకుని సొరంగం దాటుతారు. లారీల కంటే ముందు అమ్మవారు నడవాలని వాళ్ల పట్టు. టార్గెట్ వాళ్లే.”

“ఆపించండి సార్.”

“ఆపితే ముఠా జారిపోతుంది. కంట్రోల్ రూంలో మన మనిషి ఉంది. రేఖ, వెంటిలేషన్ కన్సల్టెంట్. కోబాల్ట్ కూడా ఆమెను తమ మనిషే అనుకుంటోంది.”

“నిజానికి ఎవరి మనిషి?”

చీఫ్ చేతిలో ఉన్న వీణ తీగ మీటాడు. శ్రుతి కుదరలేదు. “అదే నాకూ తెలియదు.”

మొదటి ఘటం ఎత్తేది తన అక్క లక్ష్మణమ్మ అని ధర్మేంద్ర చెప్పలేదు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. తమ్ముడు మందుల కంపెనీలో పనిచేస్తాడని ఆమె నమ్మకం.

పెట్టుడు గడ్డం, నారింజ జాకెట్, ఎలక్ట్రీషియన్ హెల్మెట్. హెల్మెట్ పట్టీలో రేఖతో మాట్లాడేందుకు మైక్, చెవిలో ఇయర్‌పీస్. ఆ వేషంలో ధర్మేంద్ర కంట్రోల్ రూంకి వెళ్లాడు.

రేఖ నెమలికంఠం రంగు పట్టుచీరలో ఉంది. నల్లకళ్లద్దాలు తల మీదికి తోసుకుంది. పక్కన కమిషనింగ్ ఇంజనీర్ పేరుతో వచ్చిన మార్టిన్. స్క్రీన్ మీద జెట్ ఫ్యాన్లన్నీ పచ్చ బాణాలు. జనం నడిచే దిక్కుకే గాలి తోస్తున్నాయి. ముందు ఎక్కడైనా మంట లేస్తే పొగ ఇంకా ముందుకే పోతుంది, వెనకున్నవాళ్లు బతుకుతారు. డిజైన్ అది.

“అంతా ఓకే,” అని రేఖ నవ్వింది.

నవ్వు బాగుంది. అందుకే అతను నమ్మలేదు.

సొరంగంలో డప్పులు మోగుతున్నాయి. పసుపు చీరలు, వేపమండలు, సాంబ్రాణి. ధర్మేంద్ర గోడవారగా నడుస్తున్నాడు. చాలాదూరం వచ్చాక అక్క పైటకొంగు చూశాడు. అది వెనక్కి ఎగురుతోంది. సాంబ్రాణి పొగ కూడా వెనక్కే వాలుతోంది.

ఎదురుగాలి.

స్క్రీన్ మీద బాణాలు ఒకవైపు. ఫ్యాన్లు తిరిగేది ఇంకోవైపు. కామేష్ చెప్పింది ఇదే.

ముందు మలుపులో జనరేటర్‌కి డీజిల్ తెచ్చిన ట్యాంకర్. డ్రైవర్ లేడు. దాని కింద చిన్న ఎర్రలైటు మిణుకుమంటోంది.

అది పేలితే పొగంతా వీళ్ల మీదికే. వెనక్కి పరుగెత్తినా పొగే గెలుస్తుంది. దారి ఒకటే. కాస్త ముందున్న ఫైర్ డోర్. దాని అవతల పక్కనే సాగే రెండో సొరంగం, మంచి గాలి.

“అమ్మా, ఆగండి! పక్క తలుపులోంచి అవతలికి పదండి!”

పెద్దావిడ జగ్గమ్మ కళ్లెర్రజేసింది. “మతుండే మాటాడతన్నావేటి? ఎత్తిన ఘటం ఆగదు. దారి మల్లదు.”

“ముందర బాంబుంది!”

“ఉంటే అమ్మోరు సూసుకుంటాది. నువ్వు బల్బులు సూసుకో.”

ఆడవాళ్లు నవ్వారు. డప్పు ఇంకా హెచ్చింది.

“రేఖా, ఫైర్ డోర్ లాక్ తియ్యి.”

జవాబు లేదు. ఎర్రలైటు వేగం పెరిగింది.

“రేఖా!”

లేదు.

అక్క వైపు చూశాడు. నిన్నటి నుంచి ఉపవాసం. కళ్లు దారి మీదే ఉన్నాయి. పిలిచినా వినదు. ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ చేయని పని ధర్మేంద్ర చేశాడు. రెండు చేతులతో ఆమె తల మీది ఘటాన్ని తోసేశాడు.

ఘటం భళ్లున పగిలింది. పసుపునీళ్లు రోడ్డు మీద పారాయి. డప్పులు ఆగిపోయాయి.

“ఓలమ్మో! అమ్మోరి ఘటం బద్దలుకొట్టేసినాడు!”

“పట్టండే ఆణ్ణి!”

మొదటి ఘటం పగిలితే ఊరేగింపు ముగిసినట్టే. మిగతా ఘటాలన్నీ కిందికి దిగాయి. వేపమండలతో ఆడవాళ్లు, కర్రలతో డప్పులవాళ్లు అతని వెంటపడ్డారు. ధర్మేంద్ర తలుపు వైపే పరుగెత్తాడు. అతనికి కావలసిందీ అదే.

తలుపు మీద ఎర్రలైటు. తోశాడు. కదల్లేదు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. గడ్డం జగ్గమ్మ చేతిలోకి ఊడొచ్చింది. లక్ష్మణమ్మ కొయ్యబారింది.

“ఒరే ధర్మా! నువ్వేట్రా?”

అప్పుడే మలుపులో నేల అదిరింది. మంట లేచింది. సొరంగం కప్పు కింద నల్లటి పొగ గేదెల మందలా తోసుకొస్తోంది. అరుపులు దగ్గులయ్యాయి. పొగ తలల దాకా దిగింది. ధర్మేంద్ర భుజంతో తలుపుని గుద్దాడు. మైక్‌లో రేఖ మీద అరుస్తుంటే నేర్చుకున్న భాష జారిపోయింది.

“సెప్పవే! ఎవుల మనిసివి నువ్వు?”

ఇయర్‌పీస్‌లో ఏదో బరువైనది దబ్బున పడింది. లైటు పచ్చగా మారింది.

“సారీ,” అంది రేఖ ఆయాసంగా. “మార్టిన్ నా నడుముకి పిస్టల్ ఆనించి కూర్చున్నాడు. ఇప్పుడు పడుకున్నాడు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ బాగా బరువండీ.”

అక్కని ముందు తోశాడు. ఒక్కొక్కరినీ లాగి అవతలికి నెట్టాడు. చివర జగ్గమ్మని ఎత్తుకుని దూకి తలుపు మూశాడు. తలుపు అద్దం మీద పొగ నల్లగా పరుచుకుంది. అవతల కాంక్రీటు పేలాలు వేగినట్టు పేలుతోంది. కాసేపటికి ఫ్యాన్లు ఆగి, మళ్లీ సరైన దిక్కుకి తిరిగాయి. కప్పులోంచి నీళ్లు కురిశాయి. మంట అణిగింది.

మంచి గాలిలో అందరూ చతికిలబడ్డారు. ముందు నోరు తెరిచింది జగ్గమ్మ.

“పొగొస్తాదని ముందే సెప్పుంటే వచ్చేవోల్లం గాదేటి?”

“సెప్పినాను గదే అత్తా!”

“గట్టిగా సెప్పాల.”

ఫోన్ మోగింది. చీఫ్.

“రిపోర్ట్?”

“మార్టిన్ దొరికాడు. సొరంగం నిలిచింది. రేఖ మన మనిషే.”

“నష్టం?”

“ఒక ఘటం సార్. మంగళవారం సెలవు కావాలి.”

“దేనికి?”

లక్ష్మణమ్మ కళ్లు తుడుచుకుంటూనే, తమ్ముడి నడుముకి ఎంత చీర పడుతుందో జానలతో కొలుస్తోంది.

“పగలగొట్టినవాడే కొత్త ఘటం ఎత్తాలట సార్. పసుపు చీరలో. ఈ వేషం మాత్రం మన ట్రైనింగ్‌లో లేదు.”