గాలి చొరబడని ఇల్లు

ఆ ఆదివారం కూడా గ్లెనిస్ తల పట్టుకునే నిద్ర లేచింది. బల్లరాట్‌లో జూలై అంటే నడి చలికాలం. కిటికీ అద్దాలన్నీ తెల్లగా మంచు పట్టాయి. హాల్లో మాత్రం వెచ్చగా ఉంది. గోడలోని గ్యాస్ హీటరు సన్నగా గుర్రుమంటోంది. ప్రతి తలుపు కిందా చలిగాలి రాకుండా గ్లెనిస్ స్వయంగా కుట్టి, ఇసుక నింపిన గుడ్డ పాము ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. చీమ దూరే సందైనా లేదని ఆవిడకు మహా గర్వం.

"మళ్ళీ తలనొప్పా?" అన్నాడు భర్త మెర్విన్, టోస్టు మీద వెజిమైట్ అనే నల్లటి, ఉప్పటి ముద్ద రాస్తూ.

"అదే విచిత్రం. క్లబ్బుకి వెళ్తే గంటలో పోతుంది. ఇంట్లో అడుగు పెడితే మళ్ళీ మొదలు."

"అంటే నీ తలనొప్పి నేనేనన్నమాట. నలభై రెండేళ్ళకి కనిపెట్టావు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. భోజనానికని పెందలాడే వచ్చిన కూతురు టెగన్ మాత్రం నవ్వలేదు. ఆమె గ్యాస్ హీటర్లు బిగించే ఫిట్టరు. ఆ పనే ముప్పై అయిదేళ్ళు చేసి రిటైరైన తండ్రి దగ్గరే నేర్చుకుంది.

"నాన్నా, ఈ హీటరు చివరిసారి ఎవరు చూశారు?"

"ఎవరేమిటే? నేనే! మంట నీలంగా ఉంది, పొగగొట్టం శుభ్రంగా ఉంది. చాలదూ?"

"గాలిని పరీక్షించే మీటరు పెట్టి చూశావా?"

"నీకీ పని నేర్పిందెవరు?"

"నువ్వే! ఊళ్ళో అందరి హీటర్లూ చూస్తాను. మా అమ్మ పడుకునే ఇంట్లో మాత్రం నన్ను చెయ్యి వెయ్యనివ్వవు." టెగన్ తన పనిముట్ల సంచీ లాగి ముందు పెట్టుకుంది. "క్లబ్బులో నా గురించి గొప్పలు చెబుతావుట. నా పని మీద మాత్రం నమ్మకం లేదు."

మెర్విన్ ముఖం కందగడ్డయింది. గ్లెనిస్ బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

"చాల్లే, ఆపండి! నొప్పెడుతున్నది నా తల. చూడవే, టెగన్."

టెగన్ కిటికీలన్నీ మూసింది. పాములు ఎక్కడివక్కడే ఉన్నాయో లేదో చూసింది. తరువాత వంటింట్లో పొయ్యి మీది పెద్ద ఫ్యాను వేసింది. అది పోయిన క్రిస్మస్‌కి తనే తల్లికి కొనిచ్చింది. మీటరు పక్కన పెట్టుకుని, హీటరు దగ్గర పొగ వదిలే సన్నని పుల్ల పట్టుకుని కూర్చుంది. ఆ పొగ హీటరులోకి పోయి పొగగొట్టంలోంచి బయటపడాలి. కానీ అది ఒక్క క్షణం తటపటాయించి, వెనక్కి తిరిగి నేరుగా మెర్విన్ ముఖం మీదికి వచ్చింది. మీటరు కీచుమని అరిచింది.

టెగన్ గబుక్కున హీటరు ఆపి, కిటికీలు బార్లా తెరిచింది.

"నేను చూసిన రోజు తలుపు తీసే ఉంది," అన్నాడు మెర్విన్ మెల్లగా. "ఫ్యాను వెయ్యాలని తోచనే లేదు."

"ఫ్యాను గాలినంతా బయటికి లాగేస్తోంది, నాన్నా. కొత్త గాలి రావడానికి సందు లేదు. అందుకని పొగగొట్టంలోంచి పోవలసిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువునే ఇంట్లోకి లాక్కుంటోంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు." అంతలోనే టెగన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. "ఊరందరికీ ఇదే చెబుతాను. మా అమ్మకి ఫ్యాను కొనిచ్చిన రోజున మాత్రం నాకు గుర్తుకు రాలేదు."

"రాత్రంతా ఫ్యాను వేసి ఉంచేది నేనే, నా పాములకీ ఇందులో వాటా ఉందిలే, పిచ్చిదానా," అంటూ గ్లెనిస్ కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

వెంటనే గ్లెనిస్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించారు. సమయానికి వచ్చారు, భయం లేదన్నాడు డాక్టరు. సాయంత్రం ముగ్గురూ హీటరు లేక చలికోట్లు వేసుకునే చల్లారిన రోస్టు తిన్నారు. తిన్నాక మెర్విన్ లేచి హాల్లోకి వెళ్ళి ఫోను తీశాడు. టెగన్ కంచాలు కడుగుతూ చెవి అటే వేసింది.

"కీత్, నేనురా. ఎప్పుడో మీ ఇంట్లో నేను పెట్టిన హీటరుంది చూడూ, అది ఆపెయ్. ఆఁ, ఇప్పుడే... నేను బాగుందన్న మాట నిజమే. నేను చూసింది చాలదురా. ఇవాళ మా ఇంట్లోనే తెలిసింది." ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "రేపు మా అమ్మాయి వస్తుంది. ఆమె చూసి సరేననేదాకా వెలిగించకు. ఈ పనిలో నాకన్నా గట్టిది."

ఫోను పెట్టేసి ఇంకో నంబరు నొక్కాడు. టెగన్ కడిగిన కంచాన్నే మళ్ళీ కడుగుతూ నిలబడిపోయింది. కళ్ళనిండా నీళ్ళతో ఆమెకు ఏమీ కనబడటం లేదు.