ప్రతి లైనులోనూ అదే అడ్రస్

సాయంత్రం ఐదూ పది.

టీచరమ్మ చనిపోయి పదమూడు రోజులు. మామూలు జ్వరానికి ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇరవై నిమిషాల్లో ప్రాణం పోయింది. ఆ బ్యాచ్ సీసాల్లో నలుసులున్నాయని మందుల గోడౌన్‌లో క్వాలిటీ చూసే అమ్మాయి ముందే కనిపెట్టింది. కంప్యూటర్లో హోల్డ్ పెట్టింది. హోల్డ్ ఉంటే సీసా గేటు దాటదు.

టీచరమ్మ పోయే ముందు రోజు ఉదయం 11.42కి ఎవరో ఆ హోల్డ్ తీసేశారు.

సెలవు ముగించుకుని ఆ పూటే డ్యూటీలో చేరిన ఇన్‌స్పెక్టరమ్మ గోడౌన్ ఆఫీసులో కూర్చుని ఫైలు చదువుతోంది. చదివే కొద్దీ అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

"సర్వర్లు చూసే ఆయన్నెందుకు పట్టుకున్నావు?" అని ఎస్సైని అడిగింది.

"సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టా, ఆ లాగ్‌లో ఉంది మేడం. హోల్డ్ తీసింది అడ్మిన్ పేరుతో, అడ్రస్ 127.0.0.1. అంటే ఆ సర్వర్ మెషిన్ ముందే కూర్చుని చేశాడన్నమాట. రూం తాళం ఆయన దగ్గరే ఉంటుంది. 11.30కి లోపలికెళ్ళాడు, 12.10కి బయటికొచ్చాడు. కెమెరాలో ఉంది. రేపు ఛార్జిషీటు వేసేద్దాం."

"ఆయనేమన్నాడు?"

"ప్రాక్సీ, ప్రాక్సీ అని ఒకటే గోల మేడం."

ఆమె పేజీ తిప్పింది. రెండో ముద్దాయి: ప్రాక్సీ. పరారీలో ఉన్నాడు.

"ఎవడయ్యా వీడు?"

"గాలిస్తున్నాం మేడం."

"కొట్టావా ఆయన్ని?"

"రెండే మేడం. వాడిది ఏ ఊరో చెప్పమంటే చెప్పలేదు."

ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నాడట వెనకటికి ఒకడు. ఈ ఎస్సై ఆ దూడ ఊరూ పేరూ కూడా అడిగే రకం. ఆమె పళ్ళు బిగపట్టి లాగ్ ముందు పెట్టుకుంది. ఒక పేజీ. రెండు. పది. ఆమె పెన్సిల్ ఆగిపోయింది.

"సర్వర్ రూం ఇప్పుడెవరి చేతిలో ఉంది?"

"మనమే సీలు వేశాం మేడం. పదమూడు రోజులుగా చీమ కూడా దూరలేదు."

"మరి ఇవాళ పొద్దున 9.15కి 127.0.0.1 నుంచి లాగినైంది ఎవరు? 9.20కి ఎవరు? నిన్నంతా ఎవరు? అన్ని లైన్లలోనూ అదే అడ్రస్. నీ ముద్దాయి లాకప్‌లో ఉన్నాడు, గదికి నీ సీలుంది. లోపల కూర్చుంది ఎవరయ్యా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ క్వాలిటీ అమ్మాయి మెల్లిగా అంది. "9.15కి నేనండీ. నా టేబుల్ దగ్గర్నుంచే."

"ఆయన్ని తీసుకురా. ఇప్పుడే."

5.31కి తెచ్చారు. వైర్ల బాబాయ్ అంటారు ఆయన్ని ఆఫీసులో. యాభై దాటిన మనిషి. ఎడమ చెవి పక్కన ఇంకా వాపు తగ్గలేదు. రిసెప్షన్ బెంచీ మీద టీచరమ్మ భర్త ఉన్నాడు. రోజూ వచ్చి అక్కడే కూర్చుంటున్నాడు. బాబాయ్ కనపడగానే తూ అని ఉమ్మేశాడు. బాబాయ్ చొక్కా తుడుచుకుని లోపలికొచ్చాడు.

"ప్రాక్సీ సంగతి నాకు చెప్పండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"గేటు దగ్గర వాచ్‌మన్ లాంటి ప్రోగ్రామమ్మా. ఎవరేం అడిగినా ముందు దాని దగ్గరికే వస్తుంది. అదే తీసుకెళ్ళి సాఫ్ట్‌వేర్‌కి అందిస్తుంది. రెండూ ఒకే మెషిన్లో ఉన్నాయి. అందుకని ఎవరొచ్చినా సాఫ్ట్‌వేర్‌కి వాచ్‌మన్ మొహమే కనిపిస్తుంది. వచ్చిన మనిషి అసలు అడ్రస్ కూడా ప్రాక్సీ పంపుతుంది. అది చూసి రాసుకోమని సెట్టింగ్స్‌లో ఒక లైను పెట్టాలి. నేను పెట్టలేదు."

"అసలు అడ్రస్ ఇంకెక్కడా ఉండదా?"

"ప్రాక్సీకి వేరే లాగ్ ఉంది. పద్నాలుగు రోజులే ఉంచుతుంది. ఆ రోజుది ఇవాళ ఆరింటికి దానంతటదే చెరిగిపోతుంది."

ఆమె గోడ గడియారం చూసింది. 5.36.

"ఈ మాట ఎప్పట్నుంచి చెబుతున్నారు?"

"మొదటి రోజు నుంచీ."

ఆమె ఎస్సై వైపు చూసిన చూపుకి అతను గోడకి అతుక్కుపోయాడు. సీలు తనే పగలగొట్టింది. 5.48కి ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి వచ్చింది. 11.42 దగ్గర అడ్రస్ చివర 47.

5.55కి ఓనరునీ, ఆయన అల్లుణ్ణీ కూర్చోబెట్టింది. సేల్స్ చూసేది ఆ అల్లుడే.

"నలభై ఏడు ఎవరిది?"

"సేల్స్ టాబ్‌ది," అన్నాడు బాబాయ్. "మెషిన్‌కో నంబరు నేనే ఇచ్చాను."

మామగారు అల్లుడి వైపు తిరిగాడు.

"నా టాబ్ టేబుల్ మీదే పడుంటుంది," అన్నాడు అల్లుడు. "అడ్మిన్ పాస్‌వర్డ్ ఆఫీసంతా తెలుసు. ఎవరైనా తీసుండొచ్చు."

"రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టాను," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "11.40కి ఆ టాబ్‌లో మీ పేరుతో ఆస్పత్రి ఆర్డర్ తెరిచారు. 11.42కి అడ్మిన్ పేరుతో హోల్డ్ పోయింది. 11.44కి మళ్ళీ మీ పేరుతో, ఈ రోజే పంపుతున్నాం అని ఆస్పత్రికి మెసేజ్. ఆ ఎవరైనా మధ్యలో వచ్చి, పని చేసుకుని, టాబ్ మీ చేతిలో పెట్టి పోయాడా?"

అల్లుడు మామగారి వైపు తిరిగాడు. "ఆర్డర్ చెయ్యిజారిపోతుందని... నలుసులేగా అనుకున్నాను..."

"నోర్ముయ్," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నలుసులేగా? ఆవిడ రక్తంలోకెళ్ళాయి నీ నలుసులు. ఒక అమాయకుడు లాకప్‌లో దెబ్బలు తింటుంటే ఏసీలో కూర్చుని ఆర్డర్లు రాసుకున్నావు. మనిషివేనా నువ్వు?"

కానిస్టేబుల్ అతని రెక్క పట్టుకుని లేపాడు.

బాబాయ్ తల దించుకున్నాడు. "రేపు పెడదాం, రేపు పెడదాం అని రెండేళ్ళు గడిపానమ్మా. ఆ లైను అప్పుడే రాసుంటే..."

"రాసుంటే మిమ్మల్ని పట్టుకునేవాళ్ళు కారు. అయినా ఆవిడ ప్రాణం దక్కేది కాదు. అది కూడా మీ నెత్తినేసుకోకండి."

తలుపు తెరిచే ఉంది. టీచరమ్మ భర్త అంతా విన్నాడు. అల్లుణ్ణి తన ముందునుంచే తీసుకెళ్తున్నా అటు చూడలేదు. లేచి బాబాయ్ ఎదురుగా నిలబడ్డాడు.

"పదమూడు రోజులూ నిన్ను శపిస్తూనే ముద్ద మింగానయ్యా," అన్నాడు. "ఇప్పుడా శాపాలు ఎలా వెనక్కి తీసుకోను?"

బాబాయ్ ఆయన్ని పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. ఎస్సై మాత్రం కనిపించాడు.

"వాళ్ళిద్దరికీ మంచినీళ్ళు పట్టుకురా," అంది. "కానిస్టేబుల్‌ని కాదు. నువ్వెళ్ళు."