ఆ పసుపు సంచి ఎవరిది

బుధవారం కాగితాల రోజు. సోమవారం వంటింటి తుక్కు, మంగళవారం ప్లాస్టిక్కు, గురువారం గాజు, పదిహేను రోజులకోసారి మిగతా చెత్త. ఆ ఇరుకు వీధిలో చెత్తకున్నంత పంచాంగం చర్చిలో పునీతులకు కూడా లేదు. రోజు తప్పినా, డబ్బా తప్పినా మునిసిపాలిటీ వాళ్లు ఎర్ర చీటీ అంటించి, చెత్తను ఉన్నచోటే వదిలేసి పోతారు.

పొద్దున్నే కిటికీ తలుపులు తీసిన లొరెదానాకు ముందుగా కనబడింది ఆ ఎర్ర చీటీయే. వీధిలో అందరి తెల్ల కాగితాల డబ్బాలూ ఖాళీ అయ్యాయి. తమదొక్కటే నిండుగా అలాగే ఉంది.

"మళ్లీనా! ఫౌస్తో, చూడు! మళ్లీ అంటించి పోయారు!"

మొగుడు ఫౌస్తో సగం గీసిన గడ్డంతో పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఇల్లు కూలిందా?"

"కూలినా బాగుండేది. ఆ ఇటుకలు ఏ డబ్బాలో వెయ్యాలో మునిసిపాలిటీ తేల్చేలోపు కాస్త ప్రశాంతంగా ఉండేవాళ్లం."

బల్ల దగ్గర ఆమె తండ్రి ఒత్తావియో పాల కాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు. ఆ వీధి చివర సెలూన్ నడిపి ఊరందరికీ జుట్టు కత్తిరించిన మనిషి. ఎనభై దగ్గర పడినా సరే, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడకి అత్తరు రాసుకోనిదే గది దాటి బయటికి రాడు. ఈమధ్య ఆ అత్తరు కాస్త ఎక్కువగానే పూస్తున్నాడు.

"ఇది ఆ పియెరీనా పనే," అంది లొరెదానా, ఎదురింటివైపు వేలు చూపిస్తూ. "పోయిన బుధవారం తెల్లవారుజామున కళ్లారా చూశాను. మన డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉంది మహాతల్లి. తన తుక్కు వేరు చేసుకునే ఓపిక లేక మన నెత్తిన వేస్తోంది."

"నోరు పారేసుకోకమ్మా. పియెరీనా అలాంటిది కాదు," అన్నాడు ఒత్తావియో.

"నీకేం నాన్నా, ఆవిడ చేసే అంజూరపు జాం తింటావు, ఆవిణ్ణే వెనకేసుకొస్తావు. జరిమానా నా పేరు మీద వస్తుంది. బడి వంటింట్లో పిల్లలకి ఏ తుక్కు ఎందులో వెయ్యాలో నేర్పేదాన్ని నేను! వాళ్ల అమ్మల ముందు నేనే మురికిదాన్నయ్యాను."

"ఆ జరిమానా ఏదో నేను కడతాలే. వదిలెయ్."

"వదిలే ప్రసక్తే లేదు. మునిసిపాలిటీ నెవియోకి ఫోన్ చేశాను, వస్తున్నాడు. వీధిలో అందరి ముందూ ఆ డబ్బా బోర్లించమంటాను. ఎవరి పాపమో తేలిపోతుంది."

ఒత్తావియో చేతిలోని రొట్టె కాఫీలో జారిపోయింది. "బోర్లించడం ఎందుకు? వద్దని చెబుతున్నానా? నా మాటకి ఈ ఇంట్లో విలువే లేదా?"

"ఎందుకు లేదు నాన్నా? చెత్త సంగతి తప్ప అన్నిటికీ ఉంది!"

ఫౌస్తో నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. కాఫీ అలాగే వదిలేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

నెవియో వచ్చేసరికి వీధిలో సగం మంది గుమ్మాల్లోనే ఉన్నారు. చెత్త తగాదా అంటే అక్కడ ఉచితంగా నాటకం చూసినట్టే. చేతికి తొడుగులు వేసుకుంటూ అతను గొంతు తగ్గించి అన్నాడు, "లొరెదానా, ఇదంతా ఆఫీసుకి తీసుకెళ్లి చూస్తాను. వీధిలో ఎందుకు?"

"ఇక్కడే చూడాలి," అని లొరెదానా ఎదురింటి తలుపు దబదబా బాదింది. "బయటికి రండి పియెరీనమ్మా! మీ భాగోతం మీరే చూసుకుందురుగాని!"

పియెరీనా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒంటరి ముసలావిడ, మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడుస్తుంది. బోర్లించబోతున్న డబ్బాను చూడగానే ఆమె మొహం పాలిపోయింది. "ఏమిటే ఈ గోల? నెవియో, ఆపు నాయనా. ఆపమంటున్నాను."

"చూశారా, ఎలా భయపడుతోందో!" అంది లొరెదానా.

నెవియో డబ్బా వంచాడు. పాత పేపర్లు, గుడ్ల అట్టలు, చెప్పుల పెట్టె పడ్డాయి. వాటి వెనకే తెల్ల గుడ్డలో చుట్టిన చిన్న చిన్న మూటలు దొర్లాయి. ఒక్కొక్కటీ బిగుతుగా చుట్టి, కొసలు లోపలికి మడిచి, దారంతో కట్టి ఉంది. అందులో ఒకటి విప్పుకుంది. వాడేసిన డైపరు. పసిపిల్లలది కాదు.

ఎవరో ముక్కు మూసుకున్నారు.

"ఛీ!" అంది లొరెదానా. "ఇంత వయసొచ్చి ఇదేం పని? సిగ్గు లేదూ? ఇంత మురికిని ఎదుటివాళ్ల ఇంటి డబ్బాలో..."

మాట మధ్యలోనే ఆమె వంగి చూసింది. విప్పుకున్న గుడ్డ మూల మీద ఎర్ర దారంతో కుట్టిన అక్షరం ఉంది. ఆ కుట్టు ఆమె తల్లిది. సెలూన్లో మనుషుల మెడ చుట్టూ కప్పే తెల్ల గుడ్డల మీద, చాకలి దగ్గర కలిసిపోకుండా, తల్లి ఇర్మా, ఒత్తావియో పేరులోని మొదటి అక్షరం కుట్టేది. ఆ గుడ్డల్ని చదరంగా కత్తిరించారు. గడ్డం గీసే ముందు తండ్రి వేడి తువ్వాలు ఎలా చుట్టి, కొసలు ఎలా మడిచేవాడో అలాగే చుట్టారు.

లొరెదానా తలెత్తి చూసింది. పై కిటికీలో తండ్రి నిలబడి ఉన్నాడు. నున్నగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ చొక్కా. ఆమె అన్న ప్రతి మాటా విన్నాడు.

నెవియో కూడా ఆ గుడ్డను గుర్తుపట్టాడు. చిన్నప్పుడు ఆ సెలూన్ కుర్చీ చేతుల మీద చెక్క వేయించుకుని, అదే గుడ్డ కప్పించుకుని తొలి క్షవరం చేయించుకున్నవాడే. వంచిన డబ్బాను మెల్లగా నిలబెట్టాడు.

"నావే నాయనా," అంది పియెరీనా. వీధి మొత్తానికి వినబడేలా అంది. "ఆ గుడ్డలు ఒత్తావియో షాపు మూసినప్పుడు ఇల్లు తుడుచుకోమని ఇచ్చినవి. ఆ పసుపు సంచి గుమ్మానికి తగిలించుకోవడానికి సిగ్గేసి ఇలా చేశాను. తప్పయిపోయింది."

పెద్దవాళ్ల డైపర్లకి అక్కడ విడిగా పసుపు సంచి ఇస్తారు. ఆఫీసుకి వెళ్లి పేరు చెప్పుకోవాలి, ఆ సంచి గుమ్మం పక్కనున్న కొక్కేనికి తగిలించాలి. వీధిన పోయే ప్రతివాడికీ ఆ ఇంట్లో ఎవరి ఒళ్లు స్వాధీనంలో లేదో తెలిసిపోతుంది. మిగతా చెత్తలో కలిపేద్దామా అంటే, ఆ సంచి లోపలున్నది బయటికి కనబడేలా ఉండాలని రూలు. మూత ఉన్నది ఒక్క కాగితాల డబ్బాకే.

"సంచులు నేనే తెచ్చిస్తాను పియెరీనమ్మా," అన్నాడు నెవియో. విప్పుకున్న గుడ్డను మళ్లీ మడిచి, దారం కట్టాడు.

లొరెదానా మెట్లెక్కి తండ్రి గది తలుపు తట్టింది. "నాన్నా, తలుపు తియ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను, తియ్యి."

అతను తలుపు తీసి, మంచం అంచున కూర్చున్నాడు. ఆమె నేల మీద చతికిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఆపరేషన్ అయినప్పట్నించీ ఆగడం లేదు తల్లీ. తగ్గుతుందనుకున్నాను."

"కన్నకూతుర్ని! అమ్మకి చెయ్యలేదూ? నీకు చెయ్యనా?"

"అమ్మకి చేశావు కాబట్టే చెప్పలేదు." అతను చొక్కా మడత సర్దుకున్నాడు. "మీ అమ్మ పోయేముందు ఒకరోజు వంటింట్లో నీ మొగుడితో అన్నావు. ఈ చాకిరీ జన్మలో ఇంకోసారి నా వల్ల కాదు, ఈ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వస్తే వృద్ధాశ్రమమే అని. నేను పక్క గదిలోనే ఉన్నాను."

లొరెదానాకు గుర్తొచ్చింది. అన్నది. తడిసిన పక్కబట్టలు పిండుతూ, నడుం విరిగిపోతుంటే అన్నది. మర్నాటికే మరిచిపోయింది కూడా. ఆయన మాత్రం ఆ మాటను ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని ఆమె చేతి అన్నం తిన్నాడు.

"నీ తప్పేం లేదమ్మా. ఎవరికైనా ఓపికకి ఒక హద్దుంటుంది. గడ్డం గీసుకుని, కాస్త అత్తరు పూసుకుంటే నువ్వు కనిపెట్టవనుకున్నాను. ఊరందరి మెడలూ శుభ్రం చేశాను. నన్ను నేను శుభ్రంగా ఉంచుకోలేకపోతున్నాను."

"అమ్మ కుట్టిన గుడ్డలు ఎందుకు కోశావు నాన్నా?"

"కాగితంలో చుడితే తడి బయటికొస్తోంది. ఎత్తేవాడి చేతికి అంటుకుంటుంది కదా, పాపం," అన్నాడు. "మీ అమ్మ ఉంటే ఏమీ అనేది కాదు."

లొరెదానా అతని మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఆమె జుట్టును వేళ్లతో పాయలు తీస్తూ కూర్చున్నాడు. ఆ వేళ్లకి తెలిసిన ఓదార్పు అదే.

మధ్యాహ్నం ఆమె ఎదురింటికి వెళ్లింది. క్షమించమని అడగబోతే పియెరీనా కసిరింది.

"నీ కోసం అన్నాననుకున్నావా? ఇంకో నాలుగు తిట్టాల్సింది నిన్ను! నేను మీ డబ్బాలో చెయ్యి పెట్టింది వెయ్యడానికి కాదే, తియ్యడానికి. బండి రాకముందే ఆ మూటలు తీసి నా చెత్తలో కలుపుకునేదాన్ని. మోకాళ్లు పట్టేసి లేవలేని రోజే మీకు ఎర్ర చీటీ పడేది."

లొరెదానా గుమ్మంలోనే ఏడుస్తూ నిలబడిపోయింది. పియెరీనా ఆమెను లోపలికి లాక్కుని, ముందు ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చింది.

పసుపు సంచులు ఎత్తే శనివారం పొద్దున పియెరీనా కొక్కేనికి పసుపు సంచి వేలాడుతోంది. ముందురోజు సాయంత్రమే లొరెదానా తువ్వాలు కప్పిన బుట్టలో తండ్రి మూటలు ఎదురింటికి దాటించింది. రొట్టెలకి వెళ్లే ఆడవాళ్లు సంచిని చూసి, పియెరీనాను చూసి, చూపు తిప్పుకుని పోతున్నారు. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఏమీ పట్టనట్టు చిక్కుడుకాయలు వలుస్తోంది.

కిటికీలోంచి ఇదంతా చూసిన ఒత్తావియో కోటు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి నాన్నా?" అని లొరెదానా వెనకాలే దిగింది. అతను వీధి దాటి పియెరీనా కొక్కెం మీది సంచి తీసుకున్నాడు. "ఒత్తావియో, నీకేమైనా పిచ్చా? అక్కడ పెట్టు!" అని ఆవిడ కసిరినా వినలేదు. ఆ సంచిని దాచుకోకుండా, చేతిలో పట్టుకునే వెనక్కి నడిచాడు.

"ఇది నాది," అన్నాడు, రొట్టెల సంచులతో ఆగిపోయిన ఆడవాళ్ల వైపు చూసి. "పియెరీనాది కాదు. నాది."

ఇర్మా మంచాన పడ్డప్పుడు ఆమె పసుపు సంచి వేలాడిన పాత కొక్కెం వాళ్ల గుమ్మం పక్కన ఇంకా అలాగే ఉంది. అతను చెయ్యి ఎత్తాడు. సంచి కొక్కేనికి తగిలి జారింది. రెండోసారీ జారింది. అప్పుడు కూతురి వైపు తిరిగాడు.

"అందడం లేదు తల్లీ. నువ్వు తగిలించు."

లొరెదానా తగిలించింది. కళ్లనిండా నీళ్లతో ఏమీ కనబడకపోయినా, మళ్లీ ఎవరూ ఎర్ర చీటీ అంటించకుండా, ముడి గట్టిగా ఉందో లేదో తడిమి చూసుకుంది.