డెబ్బై రెండేళ్ళ నలుపు

కౌముది మా కొట్టుకి మొదటిసారి వచ్చినప్పుడు నాతో దెబ్బలాడింది. రెండోసారీ దెబ్బలాడింది. మూడోసారి దెబ్బలాడలేదు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

అమలాపురం గడియారస్తంభం దగ్గర సందులో మాది చిన్న వెండి బంగారం కొట్టు. చుట్టూ అద్దాల షోరూములు ఎన్ని లేచినా మా కొట్టు నిలబడిందంటే ఒకటే కారణం. మా కొట్లోకి వచ్చిన వెండి మెరవకుండా బయటికి వెళ్ళదు. పట్టీకి ఊడిన మువ్వ వేయించుకోడానికి వచ్చినా సరే, రెండు పట్టీలూ తోమి తళతళలాడించి చేతిలో పెడతాం. దానికి పైసా తీసుకోం. అది మా తాత పెట్టిన పద్ధతి. కుంకుడు రసం, చింతపండు, మెత్తటి బ్రష్షు, నా చెయ్యి, ఈ నాలుగూ కలిస్తే ఎంత మసిబట్టిన వెండైనా లొంగాల్సిందే. మా నాన్న కృష్ణమోహన్ గారు నన్ను మెచ్చుకున్నది పుట్టి బుద్ధెరిగాక ఈ ఒక్క విషయంలోనే.

జూన్ ఒకటో తారీఖు. బయట వాన దంచుతోంది. ఒకమ్మాయి లోపలికి వచ్చి, తడిసిన గొడుగు సరిగ్గా నా బిల్లుబుక్కు మీద మూసింది.

"పది గ్రాముల వెండి బిళ్ళ ఒకటి ఇవ్వండి."

లక్ష్మీదేవి బొమ్మ ఉన్నది తీసి చూపించాను.

"బొమ్మ లేనిది లేదాండీ?"

"బొమ్మ లేకపోతే ఏం బాగుంటుందండీ?"

"బాగుండడానికి కాదండీ, దాచుకోడానికి. బొమ్మకి మీరు మజూరీ వేస్తారు. రేపు నేను అమ్మితే ఆ మజూరీ మీరు తిరిగిస్తారా?"

"ఇవ్వమండీ."

"మరి నేనెందుకివ్వాలండీ?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు లేరు. నాన్న కళ్ళద్దాల పైనుంచి చూసి, బొమ్మ లేని సాదా బిళ్ళ తీసి ఇచ్చేసేరు. ఆ అమ్మాయి రేటు ఫోన్లో సరిచూసుకుని, చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయింది.

జూలై ఒకటో తారీఖున మళ్ళీ వచ్చింది. బిళ్ళ కాటా మీద పెట్టాను.

"ప్లాస్టిక్ కవరు తియ్యరాండీ?"

"దాని బరువెంతుంటుందండీ?"

"అదే చూద్దామండీ, తియ్యండి."

తీశాను. తగ్గింది. ఎంతో కాదు, కాటా మీద ఆఖరి అంకె మారింది, అంతే. అయినా నా మొహం ఎర్రబడింది. నాన్న నవ్వు ఆపుకోలేక లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయేరు.

జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరట. ఆ సంగతి తెలిశాక నాకు కొంచెం ఊరట కలిగింది. నేను ఓడిపోయింది మామూలు మనిషి చేతిలో కాదు కదా!

ఆగస్టులో తను పోట్లాడలేదు. సంచిలోంచి చిన్న ఆల్బమ్ తీసి బల్ల మీద పెట్టి, "ఇందులో రాణీ బొమ్మ రూపాయి ఉందండీ, అసలుదో నకిలీదో ఒకసారి చూసి చెప్తారా?" అంది.

ఆల్బమ్ నిండా పాత నాణేలు. అణాలు, అర్ధణాలు, చిల్లుకానీలు, రాజుల తలలున్న వెండి రూపాయిలు. అన్నీ నల్లగా, గోధుమరంగులో ఉన్నాయి. తను ఒక్కో నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని తీస్తోంది, పొయ్యి మీంచి వేడిగిన్నె దింపుతున్నట్టు. నేను ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఎందుకలా పట్టుకుంటోందో అప్పుడే అడిగి ఉంటే నాకు ఇంత కథ ఉండేది కాదు.

"ఇన్ని దాచుకుని ఏం చేస్తారండీ?"

"కొత్తవి ధర పెరిగితే అమ్మేస్తానండీ. పాతవి ఎప్పుడైనా మనసు బాగోపోతే తీసి చూసుకుంటాను."

"మరి మనసు బాగుంటే?"

"అప్పుడూ చూసుకుంటానండీ," అని నవ్వేసింది.

అదిగో, అన్నం సయించనిది ఆ రోజే.

ఆ తరవాత ప్రతి నెలా ఒకటో తారీఖు కోసం ఎదురుచూడటం నాకు పనైపోయింది. ముప్పై రోజుల నెలలంటే ఇష్టం, ముప్పై ఒకటి అంటే చిరాకు. తను వచ్చేసరికి సాదా బిళ్ళ కవరు తీసేసి, కాటా తుడిచి సిద్ధంగా పెట్టేవాడిని. "రమణబాబు గారూ, మీరు బాగుపడ్డారండీ," అనేది. నాన్న వెనకనుంచి దగ్గేవారు. నాకు ఆ అమ్మాయంటే ఇష్టం. ఎంతంటే, ఆదివారం కాలేజీ ఉండదని తెలిసి కూడా బైకు మీద ఆ గేటు ముందునుంచి వెళ్ళి వచ్చేవాడిని.

అక్టోబరులో ఆ ఆల్బమ్‌లో లేని నాణెం ఒకటి తెచ్చింది. దూదిలో చుట్టిన వెండి రూపాయి. మధ్యలో కారునలుపు, అంచుల్లో నీలం.

"ఇది మా తాతయ్యదండీ. పన్నెండో ఏట ద్రాక్షారామంలో వేదసభలో ఒక పనస వేదం తప్పులేకుండా అప్పజెప్తే, ఎవరో ఆసామి మెచ్చుకుని సంభావన ఇచ్చేరట. మొట్టమొదటి సంభావన. డెబ్బై రెండేళ్ళుగా పుస్తకాల పెట్టెలోనే ఉంచుకున్నారు. వచ్చే నెల కార్తీకంలో ఆయనకి ఎనభై నాలుగేళ్ళు నిండుతాయి, సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నామండీ. దీనికి సరిపోయేలా చిన్న వెండి భరిణె చేయించి, అందులో పెట్టి ఆయన చేతికివ్వాలని నా ఆశ."

"ఆయ్. దానిదేముందండీ, వారంలో ఇచ్చేస్తాను."

"కొలత తీసుకుని ఇది జాగ్రత్తగా పక్కన పెట్టండి."

అంత జాగ్రత్తగా మా కొట్లో ఏ వస్తువునీ పెట్టలేదు. భరిణె నేనే దగ్గరుండి చేయించాను. మూత మీద చిన్న తామరపువ్వు. మజూరీ వెయ్యకూడదని ముందే నిశ్చయించుకున్నాను. ఇక రూపాయి. భరిణె అలా మెరిసిపోతుంటే లోపల ఈ నల్ల రూపాయి ఏం బాగుంటుంది? పెద్దాయన పండగ. పైగా ఆ అమ్మాయి రూపాయి. మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నవాడిని సాయంత్రం టీ వేళ దాకా లేవలేదు. కుంకుడు రసంలో నానబెట్టి, చింతపండుతో తోమి, అక్షరాల సందుల్లో ఉన్న నలుపు కూడా బ్రష్షు కొసతో తీసేశాను. రాజుగారి మీసం వెంట్రుక వెంట్రుకా కనిపించింది. ఇంత బాగా నా జన్మలో తోమలేదు.

కౌముది వచ్చింది. భరిణె చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఎంత బాగుందండీ!" అంటూ మూత తీసింది.

వేలితో రూపాయిని ఒక్కసారి తాకి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఏమండీ, బాగోలేదా?"

"కడిగేశారా?"

"తోమానండీ. మా కొట్లో..."

"పాత నాణేన్ని ఎవరైనా తోముతారాండీ?" మూత బల్ల మీద పెట్టేసింది. "ఆ నలుపే దాని వయసండీ. తోమితే పోయినట్టే. నాణేలు సేకరించేవాళ్ళు ఇంక చేత్తో ముట్టుకోరు. పోయినేడు హైదరాబాదు నుంచి వచ్చినాయన దీనికి పదిహేను వేలిస్తానంటే ఇవ్వలేదు నేను. డబ్బు పోతే పోనివ్వండి. ఈ నలుపంతా మా తాతయ్య పెట్టెలో పట్టిందండీ. నా చిన్నప్పట్నించీ నేను చూసిన రూపాయి ఇది కాదు."

"ఇంకోటి అలాంటిదే వెతికి..."

"అది మా తాతయ్యది అవుతుందాండీ?"

రూపాయి దూదిలో చుట్టుకుని వెళ్ళిపోయింది. భరిణె బల్ల మీదే ఉండిపోయింది. నాన్న దాని మూత పెడుతూ, "ఒక్కసారి అడగాల్సిందిరా," అన్నారు. "మనమెప్పుడు అడిగేం గనక. అది నా తప్పు కూడానూ."

నవంబరు ఒకటో తారీఖున నేను సాదా బిళ్ళ తీసి పెట్టుకుని కూర్చున్నాను. తను రాలేదు. రెండో తారీఖూ రాలేదు. వెండి ధర తగ్గింది. అయినా రాలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

మూడోనాడు భరిణె, బిళ్ళ జేబులో పెట్టుకుని, బిల్లుబుక్కులో ఉన్న చిరునామా చూసుకుని ముక్తేశ్వరం దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాను. కాలవగట్టు మీద అడిగితే ఇల్లు చూపించారు. అరుగు మీద పెద్దాయన కూర్చున్నారు. సూర్యనారాయణమూర్తి గారు. చామనచాయ మనిషి, బక్కగా, చెవులకి కుండలాలు. వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆయన ఏదో వేదంలో మాట చదివి, నాకు తెలిసేలా మళ్ళీ తెలుగులో, "నిండు నూరేళ్ళూ చల్లగా ఉండు నాయనా. ఎవరబ్బాయివి?" అన్నారు.

గుమ్మంలోకి కౌముది వచ్చింది. నన్ను చూసి, 'చెప్పొద్దు' అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయనకి ఇంకా చెప్పలేదన్నమాట. బెదిరిపోయి తనలో తనే దాచుకుంటోంది. అది చూశాక నేను ఆగలేకపోయాను.

"తాతగారూ, నేను అమలాపురంలో వెండికొట్టు వాళ్ళబ్బాయినండీ. మీ మొదటి సంభావన రూపాయి నేను పాడుచేశానండీ. అడక్కుండా తోమేశాను. మీ మనవరాలి తప్పేం లేదండీ. నన్ను తిట్టండి."

పెద్దాయన అరచెయ్యి చాపారు. "ఏదే, పట్రా," అన్నారు మనవరాలితో.

తను కళ్ళు తుడుచుకుంటూ తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. ఎండ ఏటవాలుగా అరుగు మీద పడుతోంది. ఆయన రూపాయిని మొహం దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పారు. పెదాలు కదిలాయి.

"ఇదేనే అమ్మా," అన్నారు. "ఆసామి నా చేతిలో పెట్టిన రోజున ఇది ఇలాగే ఉందే. దారంతా పదిసార్లు తీసి చూసుకున్నాను. కోటిపల్లి రేవులో పడవెక్కేక కూడా తీస్తుంటే, 'గోదాట్లో పడుద్ది, లోపలెట్టుకో పంతులూ' అని పడవవాడు కోప్పడ్డాడు. ఇంటికి తెస్తే మా అమ్మ ఏం చేసిందనుకున్నావు? చింతపండు పెట్టి తోమి దేవుడి దగ్గర పెట్టింది!"

కౌముది ఆయన పక్కన కూలబడింది. "తోమిందా? నాకెప్పుడూ చెప్పలేదేం తాతయ్యా?"

"నువ్వెప్పుడూ అడగలేదు కదే. ఇది తోమించుకోవడం రెండోసారి. తరవాత నేను నల్లబడ్డాను, అదీ నల్లబడింది. ఈ మధ్య రాజుగారి మొహం కనపడక వేలితో తడుముకుంటున్నాను. ఇవాళ మీసం కూడా కనిపిస్తోందయ్యా!" అని పగలబడి నవ్వారు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రూపాయి మాత్రం గుప్పిట్లోంచి వదల్లేదు.

భరిణె ఇచ్చాను. "పండక్కి నువ్వూ, మీ నాన్నగారూ భోజనానికి రావాలి. పనసపొట్టు కూర చేయిస్తాను," అంటూ దాన్ని కూడా తీసుకుని, దేవుడికి చూపించడానికి లోపలికి వెళ్ళారు. అరుగు మీద మేమిద్దరం మిగిలాం.

"తాతయ్య క్షమించేసేరు. నేను క్షమించలేదండీ," అంది కౌముది. కానీ ఆ గొంతులో కోపం ఇంట్లోనే ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టుంది.

"ఆయ్," అన్నాను. జేబులోంచి సాదా బిళ్ళ తీసి అరుగు మీద పెట్టాను. "మీ నవంబరుదండీ. ఇదివ్వడానికి మాత్రమే రాలేదు. మీరు ఒకటో తారీఖున రాకపోతే ఆ నెల నాకు మొదలవడం లేదండీ. మీరంటే నాకు చాలా ఇష్టం. తోమింది కూడా ఆ పిచ్చిలోనే."

తను బిళ్ళని అలవాటు చొప్పున అంచుల దగ్గర పట్టుకుని తీసింది. దాన్నే చూస్తూ అడిగింది.

"ఆ రూపాయి మళ్ళీ అంత నలుపెక్కాలంటే ఎన్నేళ్ళు పడుతుందండీ?"

"మొదటిసారికి డెబ్బై రెండేళ్ళు పట్టింది కదండీ."

"అన్నేళ్ళూ దాన్ని ఎవరూ తోమకుండా కాపలా ఎవరు కాస్తారు?"

"నేను కాస్తానండీ."

"మీకిప్పుడెన్నేళ్ళు?"

"ఇరవై ఎనిమిదండీ."

లెక్కల లెక్చరరు కదా, వేళ్ళు కూడా మడవలేదు. "ఇరవై ఎనిమిదీ డెబ్బై రెండూ..." అని ఆగి, నా వైపు చూసింది.

"వందండీ," అన్నాను. "ఇందాకా మీ తాతగారు దీవించిందీ అంతే."

"అప్పటికి నాకు తొంభై ఎనిమిది," అంది కౌముది. బిళ్ళని కొంగున ముడివేసుకుంది. "లోపలికి రండి. మా అమ్మకి కూడా మీరే చెప్పాలి."